రుషికొండ బీచ్‌లో దిగేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు వైజాగ్‌లో సాగర్ నగర్ వైపు, రుషికొండకి బండి మీద పది నిమిషాలు కూడా పట్టదు. ఊరి నుంచి చుట్టాలొచ్చినా, హైదరాబాద్ నుంచి ఫ్రెండ్స్ దిగినా, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలైనా అందరూ అడిగేవి అవే ప్రశ్నలు. ఫోన్లో ఒక్కొక్కళ్ళకి చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. నేను సముద్రంలో ఈత నేర్చుకుంది ఇక్కడే, ఈ బీచ్ అంటే నాకు ప్రాణం, వచ్చినవాళ్ళు ఎంతమంది వచ్చారో అంతమందీ ఇంటికెళ్ళాలి, నా తాపత్రయమంతా అదే.

వైజాగ్‌లో ఇన్ని బీచ్‌లుండగా ఈతకి రుషికొండే ఎందుకు?

ఇక్కడ తీరం వంపు తిరిగి ఉంటుంది, పక్కనే కొండ, రాళ్ళు సముద్రంలోకి కాస్త ముందుకొచ్చి ఉంటాయి. దానివల్ల మంచి సీజన్లో కెరటం కొంచెం మెత్తబడి వస్తుంది, అడుగున ఇసుక కూడా చాలా దూరం మెల్లగా పల్లమవుతుంది. ఆర్కే బీచ్ అలా కాదు. అక్కడ ఇసుక గట్టు నిటారుగా ఉంటుంది, నాలుగడుగులు వేసేసరికి నడుము లోతు, ఇంకో కెరటానికి మెడ దాకా, అదీగాక కెరటం ఒడ్డు మీదే విరుచుకుపడుతుంది. పోర్టుకి ఔటర్ హార్బర్ కట్టాక దక్షిణం నుంచి ఉత్తరానికి సహజంగా జరిగే ఇసుక ఆగిపోయింది, అందుకే పోర్టు దగ్గర తవ్విన ఇసుకని తెచ్చి ఆ ఒడ్డున పోస్తుంటారు. ఆర్కే బీచ్‌కి వెళ్ళండి, కురుసుర సబ్‌మెరైన్ చూడండి, టీయూ-142 విమానం చూడండి, మురీ మిక్చర్ తినండి, సాయంత్రం గాలికి కూర్చోండి. స్నానానికి మాత్రం దిగొద్దు. యారాడ బీచ్ చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, అక్కడా దిగొద్దనే చెప్తాను.

అయితే రుషికొండ సేఫ్ అన్నమాటేగా?

కాదండి. మిగతా వైజాగ్ తీరంతో పోలిస్తే నయం, అంతవరకే. ఇది బంగాళాఖాతం, చెరువు కాదు. రుషికొండలో కూడా మునిగి చనిపోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో ఎక్కువగా కాలేజీ కుర్రాళ్ళే, గుంపుగా వచ్చి లైఫ్‌గార్డులు లేని చోట దిగినవాళ్ళే. ఈతకి అని గుర్తు పెట్టిన భాగం ఉంటుంది, అందులోనే దిగాలి. జనం ఎక్కువున్నారని పక్కకి ఖాళీగా ఉన్న ఇసుక దగ్గరికి పోతారు చూడండి, అసలు ప్రమాదమంతా అక్కడే మొదలవుద్ది.

లాగుడు అంటారే, అదేంటి?

ఇది ఒక్కటి పూర్తిగా చదవండి, మిగతావి వదిలేసినా పర్లేదు.

కెరటాలు ఒడ్డుకి తెచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాలి కదా, అవి ఒడ్డు పొడుగునా సమానంగా పోవు, అడుగున ఇసుకలో ఎక్కడ గాడి ఉంటే అక్కడ చేరి ఒక కాలవలాగా లోపలికి పరిగెడతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు, మనవాళ్ళు లాగుడు అంటారు. అది గట్టిగా ఉన్నరోజు సెకనుకి రెండు మీటర్ల దాకా పోగలదు, ఒలింపిక్ ఈతగాళ్ళు కూడా దానికి ఎదురీది గెలవలేరు.

మోసం ఎక్కడంటే, ఆ గాడి దగ్గర లోతు ఎక్కువ కాబట్టి కెరటం అక్కడ విరగదు. రెండు పక్కలా తెల్లగా నురగ, మధ్యలో నున్నగా, ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో నీళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? అబ్బా ఇక్కడ కెరటాలు లేవు, పిల్లలకి బావుంటుంది అని సరిగ్గా అక్కడే దిగుతారు. నీళ్ళలో ఇసుక కలిసి బురద రంగులో లోపలికి సాగుతున్నా, నురగ, చెత్త ఒడ్డుకి రాకుండా వెనక్కి పోతున్నా అది లాగుడే. అందుకే వచ్చీరాగానే చెప్పులు విప్పి పరిగెత్తకుండా, కొంచెం ఎత్తున నిలబడి ఒక పది నిమిషాలు సముద్రాన్ని చూడండి. ఎక్కడ తెల్లగా విరుగుతోంది, ఎక్కడ విరగట్లేదు. నేను ఇన్నేళ్ళ తర్వాత ఇప్పటికీ అలాగే చూస్తాను.

అందులో చిక్కుకుంటే ఏం చెయ్యాలి?

డిగ్రీ చదివేటప్పుడు జూలైలో ఒకరోజు మధ్యాహ్నం నేనూ ఇంకో ముగ్గురం దిగాం, నాకు ఈత బాగా వచ్చు అన్న ధైర్యం. ఐదు నిమిషాల్లో కాళ్ళకి నేల తగల్లేదు, ఒడ్డు మీద మా బ్యాగులు చిన్నవైపోతున్నాయి, నేను ఒడ్డు వైపే గుద్దుకుంటూ ఈదుతున్నా కానీ ఉన్నచోటే ఉన్నాను, చేతులు బరువెక్కిపోయాయి. వల వేసుకుని వస్తున్న జాలరాయన పడవలోంచి అరిచాడు, "ఎదురీదకురా గుంటడా, పక్కకి పో, పక్కకి!" అని. పక్కకి తిరిగి ఒక ముప్పై నలభై గజాలు ఈదేసరికి పట్టు వదిలేసినట్టు వదిలేసింది, తర్వాత కెరటమే నన్ను ఒడ్డుకి తోసింది. ఆ రోజు ఆయన అక్కడ లేకపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

చెయ్యాల్సింది అదే. లాగుడు మనిషిని కిందకి లాగదు, లోపలికి తీసుకెళ్తుంది, అంతే. భయంతో ఎదురీది అలిసిపోతేనే మునుగుతారు. ముందు వెల్లకిలా తేలండి, ఊపిరి సర్దుకోనివ్వండి, ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కన్నా బాగా తేలుస్తాయి. ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా, నురగ కనిపించే వైపు ఈదండి. ఓపిక లేకపోతే తేలుతూనే ఒక చెయ్యి పైకెత్తి అరవండి. చాలాసార్లు కెరటాలు విరిగే చోటు దాటాక ఆ ఊపు దానంతటదే తగ్గిపోతుంది.

స్విమ్మింగ్ పూల్‌లో యాభై రౌండ్లు కొడతాను, నాకు ఓకేనా?

పూల్‌లో గోడ ఉంటుంది, గీత కనిపిస్తుంది, నీళ్ళు కదలవు. సముద్రంలో మూడూ ఉండవు. పూల్ ఈత వచ్చినవాళ్ళు తప్పకుండా ముందుంటారు, కానీ మొదటి నాలుగైదు సార్లు ఛాతీ లోతు దాటకుండా ఒడ్డు పొడుగునా ఈదండి, లోపలికి కాదు. కెరటం వస్తుంటే దానికి వీపు చూపించొద్దు, కింద నుంచి మునిగి దాటడం నేర్చుకోండి. అసలు ఈతే రానివాళ్ళు ముందు పూల్లోనే నేర్చుకోండి.

ఏ నెలలు బావుంటాయి?

డిసెంబర్ నుంచి మార్చి మొదటి వారాల దాకా. గాలి తక్కువ, సముద్రం నిదానంగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులకి పెద్ద కెరటాలు, లాగుడు గట్టిగా ఉంటుంది, నేను ఆ నెలల్లో మోకాలు దాటి దిగను. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊరివాళ్ళు ఎవరూ మర్చిపోరు, తీరం రూపురేఖలే మారిపోయాయి. తుఫాను ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే ఇక్కడ ఎండ కాస్తూ ఆకాశం నీలంగా ఉన్నా కెరటాలు మాత్రం ముందే వచ్చేస్తాయి, ఆకాశం చూసి మోసపోవద్దు. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ కెరటాల ఎత్తు గురించి రోజూ సూచనలు ఇస్తుంది, వచ్చే ముందురోజు ఒకసారి చూసుకోండి. హై వేవ్ అలర్ట్ ఉంటే ఆ రోజుకి కైలాసగిరో తొట్లకొండో పెట్టుకోండి.

రోజులో ఏ టైమ్?

పొద్దున్నే. తెల్లారగట్ల గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, నీళ్ళు నున్నగా ఉంటాయి. మధ్యాహ్నం అయ్యేసరికి గాలి తిరిగి సముద్రం మీంచి కొడుతుంది, నీళ్ళన్నీ గరుకైపోతాయి. జూన్‌లో ఐదుంపావు దాటగానే సూర్యుడొచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర అవుతుంది. కాకపోతే లైఫ్‌గార్డులు డ్యూటీలోకి వచ్చారో లేదో చూసుకునే దిగండి. చీకటి పడ్డాక ఎవరైనా సరే దిగకూడదు, దీనికి మినహాయింపు లేదు.

పౌర్ణమికి సముద్రస్నానం మంచిదంటారు, ఆ రోజు రావచ్చా?

రావచ్చు, జాగ్రత్తగా. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువే, అంటే నీళ్ళు ఎంత పైకొస్తాయో అంత వెనక్కి పోతాయి. మన తీరంలో ఆ తేడా మీటరున్నర లోపే ఉంటుంది, కొన్ని ఊళ్ళతో పోలిస్తే చిన్నదే, కానీ నీళ్ళు వెనక్కి తీసే ఆ గంటల్లో లాగుడు పెరగొచ్చు. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, శివరాత్రి మర్నాడు జనం వేలల్లో వస్తారు, పెద్దవాళ్ళు చీరల్లో, పంచెల్లో దిగుతారు. మా అమ్మమ్మ మోకాలి లోతులో కూర్చుని చెంబుతో పోసుకునేది, గంగమ్మకి దణ్ణం పెట్టుకుని లేచొచ్చేది. స్నానం అలా చేసినా స్నానమే.

ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

చీర, చున్నీ, జీన్స్ వద్దు. తడిసిన జీన్స్ కాళ్ళకి రాయి కట్టినట్టుంటుంది, చీర కెరటానికి కాళ్ళకి చుట్టుకుంటుంది. స్విమ్ సూట్ వేసుకోవాలంటే మొహమాటం అంటారు మా చెల్లెళ్ళు, అర్థం చేసుకోగలను, అందరూ చూస్తారని. లెగ్గింగ్స్, పల్చటి టీ షర్ట్ చాలు, ఒంటికి అతుక్కునే సింథటిక్ బట్ట అయితే ఇంకా మంచిది. మెళ్ళో గొలుసు, చెవి దుద్దులు, ఉంగరం ఇంట్లోనే వదిలి రండి, ఇక్కడ ఇసుకలో పడిన ఉంగరం దొరకడం అంటే కల్ల.

పిల్లల్ని తీసుకురావచ్చా?

తప్పకుండా తీసుకురండి, సముద్రం చూడని బాల్యం ఏం బాల్యం. కానీ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి, ఫోన్ చూస్తూ "ఒరేయ్ లోపలికి వెళ్ళకు" అని అరవడం కాపలా కాదు. పిల్లలు మునిగేటప్పుడు సినిమాల్లోలాగా చేతులు కొట్టుకుని అరవరు, నిశ్శబ్దంగా మునిగిపోతారు, పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదు. గాలి ఊదే ట్యూబులు, బాతు బొమ్మలు సముద్రంలోకి వద్దు, ఒక్క గాలి విసురుకి లోపలికి పోతాయి, వాటితోపాటు పిల్లాడూ పోతాడు. ఇద్దరు పెద్దవాళ్ళుంటే వంతులేసుకుని చూడండి, ఎవరి వంతు ఎప్పుడో పైకి చెప్పుకోండి, నువ్వు చూస్తున్నావనుకున్నా అని తర్వాత అనుకునే పరిస్థితి రాకూడదు.

బ్లూ ఫ్లాగ్ అంటే ఏంటి?

డెన్మార్క్ కేంద్రంగా ఉన్న ఒక సంస్థ ఇచ్చే గుర్తింపు. నీళ్ళ శుభ్రత, భద్రత, టాయిలెట్లు, షవర్లు, బట్టలు మార్చుకునే గదులు, ఇలా 33 ప్రమాణాలు చూస్తారు, ప్రతి ఏడూ మళ్ళీ తెచ్చుకోవాలి. 2020 అక్టోబర్‌లో మన దేశంలో మొదటిసారి ఎనిమిది బీచ్‌లకి వచ్చింది, అందులో రుషికొండ ఒకటి, పూరీ గోల్డెన్ బీచ్, అండమాన్ రాధానగర్ లాంటి వాటి పక్కన మన పేరు. 2025లో చెత్త, కుక్కలు, నిర్వహణ సరిగా లేదని ఆ జెండా కొన్నాళ్ళు తీసేశారు, మళ్ళీ సరిచేశాక ఇచ్చారు. ఆ వార్త చదివిన రోజు నిజంగా బాధేసింది. జెండా పోవడానికి నిర్వహణ ఎంత కారణమో, చిప్స్ ప్యాకెట్ ఇసుకలో గుచ్చి వెళ్ళిపోయే మనమూ అంతే కారణం. ఒక సంచి వెంట తెచ్చుకుని మీ చెత్త మీరే పట్టుకెళ్ళండి. ఇంకో మాట, జెండా ఉంది కదా అని లాగుడు రాదు అనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఎర్ర జెండా, ఎరుపు-పసుపు జెండా ఎలా గుర్తుపట్టాలి?

ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. సగం ఎరుపు సగం పసుపు జెండాలు రెండు పాతితే ఆ రెండింటి మధ్యే ఈత. విజిల్ వేస్తే బయటికి రండి, వాళ్ళతో వాదించొద్దు. రోజంతా ఎండలో నిలబడి మనకోసం చూసేవాళ్ళు, వాళ్ళలో చాలామంది మత్స్యకార కుటుంబాల పిల్లలే, ఆ నీళ్ళు వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు.

వాటర్ స్పోర్ట్స్ ఏమేం ఉంటాయి?

జెట్ స్కీ, బనానా రైడ్, స్పీడ్ బోటు, కయాకింగ్, స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ కిందకి వెళ్ళడం), కొంతమంది సర్ఫింగ్ నేర్పేవాళ్ళు. సముద్రం బాగోని రోజు ఆపేస్తారు, ఆపాలి కూడా, ఆ రోజు "డబ్బులు ఎక్కువిస్తాం తిప్పండి" అని బతిమాలొద్దు.

ఎక్కేముందు రేటు, ఎన్ని నిమిషాలు లేదా ఎన్ని రౌండ్లు, మనిషికా మొత్తానికా, అన్నీ ముందే అడగండి. లైఫ్ జాకెట్ ఇస్తే పైన తగిలించుకోవడం కాదు, బకిల్స్ అన్నీ బిగించాలి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి పైకి రాకూడదు, వస్తే సైజు మార్చమనండి. బనానా రైడ్‌లో చివర్లో కావాలనే పడేస్తుంటారు, ఈత రానివాళ్ళు, పిల్లలు ఉంటే పడేయొద్దని ముందే గట్టిగా చెప్పండి. ఒకసారి మా బావమరిది కూతురు అలా నీళ్ళలో పడి బెదిరిపోయింది, జాకెట్ ఉంది కాబట్టి ఏం కాలేదు గానీ తర్వాత రెండేళ్ళు ఆ పిల్ల సముద్రం వైపు రాలేదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణీలు జెట్ స్కీ జోలికి పోవద్దు, కెరటం మీద ఎగిరి పడ్డప్పుడు దెబ్బంతా వెన్నుకే.

ఈత రాదు, స్కూబా చెయ్యొచ్చా?

మొదటిసారి చేసేవాళ్ళకి పక్కనే ట్రైనర్ పట్టుకుని తీసుకెళ్తారు, ఎక్కువ లోతు కూడా తీసుకెళ్ళరు, కాబట్టి ఈత రానివాళ్ళు కూడా చేస్తుంటారు. నీళ్ళలో ఎప్పుడూ ఊపిరి బిగపట్టకూడదు, ఇది మొదటి రూల్. చెవులు నొప్పెడితే ఆగి సైగ చెయ్యండి, ఓర్చుకోవద్దు. జలుబు, ఆస్తమా, గుండె సమస్య ఉంటే దాచకుండా చెప్పండి, డాక్టర్ని అడగకుండా దిగొద్దు. టూరిస్టులు ఎక్కువగా మర్చిపోయేది ఒకటుంది, స్కూబా చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. ఆఖరి రోజుకి స్కూబా పెట్టుకోకుండా మొదటి రోజే పెట్టుకోండి.

మే నెలలో ఎండ మండిపోతుంటే నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఎందుకు?

మంచి ప్రశ్న, నాకు చాలా ఇష్టమైంది. మార్చి నుంచి మే దాకా మన తీరం వెంబడి నైరుతి వైపు నుంచి గాలి వీస్తుంది, భూమి తిరగడం వల్ల ఆ గాలి పైనీళ్ళని ఒడ్డు నుంచి దూరంగా తోస్తుంది, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. వాటితోపాటు పోషకాలూ పైకొస్తాయి, చేపలకి అది పండగ. దీనిమీద ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు 1950ల నుంచే పరిశోధన చేశారు.

జెల్లీ ఫిష్ కుడితే?

సముద్రపు నీళ్ళతోనే కడగండి, మంచినీళ్ళు పొయ్యొద్దు, ఇసుకతో రుద్దొద్దు. దారాల్లాంటివి అంటుకుని ఉంటే ట్వీజర్ లాంటి చిన్న పట్టకారుతో మెల్లగా తీసెయ్యండి, చేత్తో ముట్టుకోవద్దు. తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఆ భాగం ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చెయ్యకుండా 108. ఒడ్డున చచ్చి పడున్న జెల్లీని కూడా పిల్లలు కర్ర పెట్టి పొడుస్తారు, చచ్చినా కుడుతుంది.

ఎవరైనా మునిగిపోతుంటే?

వెనకాలే దూకొద్దు. ఒక్కణ్ణి కాపాడబోయి ముగ్గురు పోయిన సంఘటనలు మన తీరంలో ఎన్నో. లైఫ్‌గార్డుని పిలవండి, తేలేది ఏదుంటే అది విసరండి, ఖాళీ వాటర్ క్యాన్, ట్యూబు, తాడు. మనిషి మీద నుంచి చూపు తిప్పకండి, ఎక్కడున్నాడో వేలితో చూపిస్తూనే ఉండండి. 112కి చెయ్యండి, లోపలికి కొట్టుకుపోతే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.

బయటికి తీశాక తలకిందులు చెయ్యడం, పొట్ట నొక్కడం, భుజాన వేసుకుని తిప్పడం, ఇవన్నీ మానెయ్యండి. పొట్ట నొక్కితే లోపలున్నది గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే ముందు నోట్లోకి గాలి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదాలి, అంబులెన్స్ వచ్చేదాకా అలాగే. లేచి మాట్లాడుతున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత ఊపిరి ఇబ్బంది మొదలవ్వచ్చు.

మందు తాగి దిగితే?

వద్దు. కొంచెమే తాగాం అన్నవాళ్ళని కూడా చూశాను.

రాళ్ళ మీద ఫోటోలు దిగొచ్చా?

తడిగా, పచ్చగా ఉన్న రాయి మీద అడుగు పెట్టొద్దు, ఆ పాచి సబ్బులాగా జారుతుంది. ఆరిన రాయి మీద కూడా సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు, పది చిన్న కెరటాల తర్వాత ఒక పెద్దది వస్తుంది, అది చెప్పి రాదు. తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం వైపు రాళ్ళకీ ఇదే మాట.

ఎలా రావాలి?

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బీచ్ రోడ్ మీదుగా పన్నెండు పదమూడు కిలోమీటర్లు. భీమిలి వెళ్ళే 900కె బస్సు ఎక్కండి. ఆదివారం సాయంత్రం సొంత కారు తెచ్చుకుంటే పార్కింగ్ దగ్గరే గంట పోతుంది.

తినడానికి?

మొక్కజొన్న పొత్తులు, టమాటా బజ్జీ, కోనాం చేప వేపుడు. ఈతకి ముందు కడుపునిండా తినొద్దు, తర్వాత తినండి, ఆ ఆకలికి ఏదైనా అమృతమే. మంచినీళ్ళు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోండి, నీళ్ళలో ఉంటే చెమట తెలీదు గానీ ఒళ్ళు ఎండిపోతుంది.

రాత్రి ఇసుకలో తాబేలు కనిపించింది, ఏం చెయ్యాలి?

అదృష్టవంతులు. డిసెంబర్ నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి, ఒక్కోటి దాదాపు వంద గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. దూరంగా, దాని వెనకాల, కదలకుండా కూర్చోండి. టార్చ్, ఫోన్ ఫ్లాష్ వెయ్యొద్దు, వెలుగు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. కుక్కలు దగ్గరికి రాకుండా చూడండి. అది గుంత పూడ్చుకుని నీళ్ళలోకి వెళ్ళిపోయాక అటవీ శాఖ వాళ్ళకి కబురు చెయ్యండి, గుడ్లు తీసి కంచె వేసిన హ్యాచరీలో పెడతారు. మీరు తవ్వొద్దు.